బోటో3తో ఒక్క రేట్ లిమిట్ మార్చాలంటే వాఫ్ రూల్స్ అన్నీ మళ్ళీ పంపాలా?

పెసరట్టు404
మాది పోటీ పరీక్షల మాక్ టెస్టుల సైటు. లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేది) ముందు ఏడబ్ల్యూఎస్ వాఫ్, అంటే అమెజాన్ క్లౌడ్ వాళ్ళ వెబ్ ఫైర్‌వాల్ పెట్టాం. దాని ఏసీఎల్‌లో, అంటే ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అనే జాబితాలో, ఇరవై పైచిలుకు రూల్స్ ఉన్నాయి. వాటిలో ఒకటి రేట్ లిమిట్: ఒక ఐపీ నుంచి 5 నిమిషాల్లో 2000 రిక్వెస్టులు దాటితే బ్లాక్. రాత్రిపూట బాట్లు వచ్చి ప్రశ్నపత్రాలు ఊడ్చుకుపోతున్నాయి. అందుకని రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా ఆ 2000ని 600 చేసి, పొద్దున్నే మళ్ళీ 2000కి తేవాలి. రోజూ కన్సోల్ ముందు ఎవరు కూర్చుంటారు? బోటో3 (ఏడబ్ల్యూఎస్‌ని పైథాన్ నుంచి నడిపే లైబ్రరీ)తో ఒక లాంబ్డా (ఏడబ్ల్యూఎస్‌లోనే నడిచే చిన్న ఫంక్షన్) రాస్తున్నాను.

చిక్కేంటంటే, ఈ రూల్ ఒక్కటే మార్చు అనే మెథడ్ ఎక్కడా లేదు. ఏసీఎల్ మొత్తాన్ని అప్‌డేట్ చేసేది ఒక్కటే ఉంది. సరే కదా అని చదివినదాన్ని చదివినట్టే తిరిగి పంపితే, ఏఆర్‌ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి పేరు), కెపాసిటీ, లేబుల్ నేమ్‌స్పేస్ ఇవన్నీ తెలియని పారామీటర్లంటూ వాలిడేషన్ ఎర్రర్. వాళ్ళిచ్చినది వాళ్ళే తీసుకోరా? ఒక్క అంకె కోసం ఇంత తతంగమా? ప్రొడక్షన్‌లో ఎవరైనా ఇలా నడుపుతున్నారా?

బిర్యానీ_బఫర్
కూరలో ఉప్పు తగ్గిందంటే కూర మొత్తం మళ్ళీ వండమన్నట్టుంది 😀

పైథాన్_పంతులు
మొత్తం పంపాల్సిందే. ఆ మెథడ్ పాత రూల్స్ లిస్టును అవతల పడేసి మీరు పంపినదాన్ని పెడుతుంది. ఒక్క రూల్ ఉన్న లిస్టు పంపారనుకోండి, ఏసీఎల్‌లో ఆ ఒక్కటే మిగులుతుంది. ఎర్రర్ కూడా రాదు. ఒకే రూల్ ఉన్న ఏసీఎల్ వాఫ్ దృష్టిలో తప్పేమీ కాదు కదా.

ముందు గెట్ వెబ్ ఏసీఎల్ కాల్ చేయండి. ఏసీఎల్‌తో పాటు లాక్ టోకెన్ అని ఒకటి (మీరు చదివాక ఏసీఎల్‌ని ఇంకెవరైనా మార్చారా అని పట్టుకునే గుర్తు) ఇస్తుంది, అది దాచుకోండి. రూల్స్ లిస్టులో మీ రూల్‌ని పేరుతో వెతకండి. లిస్టులో ఎన్నోది అనే లెక్క మాత్రం వద్దు, రేపు ఎవరో మధ్యలో ఇంకో రూల్ దూర్చితే మీ 600 వెళ్ళి దాని నెత్తిన పడుతుంది. స్టేట్‌మెంట్ లోపల రేట్ బేస్డ్ స్టేట్‌మెంట్, దాని లోపల లిమిట్. ఆ అంకె మార్చండి. పేరు దొరక్కపోతే అక్కడే ఎక్సెప్షన్ వేసి ఆగిపోవాలి.

తిరిగి పంపేటప్పుడు పేరు, స్కోప్, ఐడీ, డిఫాల్ట్ యాక్షన్, విజిబిలిటీ కాన్ఫిగ్, లాక్ టోకెన్ తప్పనిసరి. రూల్స్ అనేది తప్పనిసరి జాబితాలోనే లేదు, గమనించారా? అది పంపడం మర్చిపోయినా బోటో3 నోరెత్తదు. ఏఆర్‌ఎన్, కెపాసిటీ లాంటివి చదువుకోవడానికే, తిరిగి పంపకూడదు.

అసలు ప్రమాదం ఐచ్ఛికం అని రాసినవాటితో. డిస్క్రిప్షన్, కస్టమ్ రెస్పాన్స్ బాడీలు, క్యాప్చా కాన్ఫిగ్, ఛాలెంజ్ కాన్ఫిగ్, టోకెన్ డొమైన్లు, అసోసియేషన్ కాన్ఫిగ్. వీటిలో ఉన్నదాన్ని తిరిగి పంపకపోతే అది పోతుంది, డిఫాల్ట్ వచ్చి కూర్చుంటుంది. మీరు క్యాప్చా ఇమ్యూనిటీ టైమ్ గంటకి పెట్టుకుని ఉంటే అది చడీచప్పుడు లేకుండా 300 సెకన్లకి దిగిపోతుంది. పాపం యూజర్లు 5 నిమిషాలకోసారి బొమ్మలు ఏరుకుంటూ కూర్చుంటారు. అందుకే తీసేయాల్సినవాటి జాబితా కాకుండా, పంపదగ్గవాటి జాబితా ఒకటి రాసుకుని, ఏసీఎల్‌లో వాటిలో ఏది ఉంటే అది పంపండి.

పెసరట్టు404
పంతులు గారూ, స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించుకునే కాపీలో) పనిచేసింది. రూల్స్ తప్పనిసరి కాదన్న సంగతి చదివి ఒళ్ళు జలదరించింది.

కొత్త_కీబోర్డ్
నాకో డౌట్. మా కోడ్‌లో ఏపీఐకి పంపే ముందు ఖాళీ విలువలన్నీ తీసేసే హెల్పర్ ఫంక్షన్ ఒకటి ఉంది. దాని గుండా పంపితే వాఫ్ ఒప్పుకోవడం లేదు, ఇన్‌వాలిడ్ పారామీటర్ అంటోంది.

పైథాన్_పంతులు
వాఫ్‌కి ఆ హెల్పర్ వాడకూడదు. ఇక్కడ ఖాళీ డిక్షనరీకే అర్థం ఉంటుంది. బ్లాక్ యాక్షన్ అంటే బ్లాక్ అనే కీ, దానికి విలువగా ఖాళీ డిక్షనరీ. కౌంట్ కూడా అంతే. మీ హెల్పర్ ఊడ్చేస్తే యాక్షన్ లేని రూల్ మిగులుతుంది. మేనేజ్‌డ్ రూల్ గ్రూపులకైతే (వేరేవాళ్ళు ముందే రాసిచ్చిన రూల్స్) యాక్షన్ బదులు ఓవర్‌రైడ్ యాక్షన్ ఉంటుంది, అందులో నన్ (None) అనే కీ వస్తుంది. అది కొటేషన్లలో ఉన్న స్ట్రింగ్, పైథాన్ నన్ కాదు. కొత్తగా రాసేవాళ్ళు అందరూ ఒకసారి అక్కడ తట్టుకుని పడతారు.

ఫ్రిస్కో_వదిన
రీజియన్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. క్లౌడ్‌ఫ్రంట్‌కి (సైటుని యూజర్లకి దగ్గరి నుంచి అందించే ఏడబ్ల్యూఎస్ సేవ) కట్టిన ఏసీఎల్ అయితే స్కోప్ క్లౌడ్‌ఫ్రంట్ అని పెట్టి, క్లయింట్‌ని వర్జీనియా రీజియన్‌కే తెరవాలి. మీ సర్వర్లు ఎక్కడున్నా సరే. లోడ్ బ్యాలెన్సర్ అయితే స్కోప్ రీజనల్, క్లయింట్ ఆ లోడ్ బ్యాలెన్సర్ ఉన్న రీజియన్‌కి. ముంబై క్లయింట్‌తో హైదరాబాద్ ఏసీఎల్ అడిగితే అలాంటిది లేదనే చెబుతుంది.

పెసరట్టు404
మాది హైదరాబాద్ రీజియనే వదినా. ఏపీ-సౌత్-2.

బిర్యానీ_బఫర్
రాష్ట్రం విడిపోయింది 2014లో. హైదరాబాద్ రీజియన్ తెరిచింది 2022లో. పేరు చూస్తే ఇంకా ఏపీ 😂

ఫ్రిస్కో_వదిన
ఏషియా పసిఫిక్ నాయనా అది. మా ఇంట్లో ఈ జోక్ ప్రతి సంక్రాంతికీ ఒకసారి పేలుతుంది.

పెసరట్టు404
మళ్ళీ వచ్చాను. స్టేజింగ్‌లో రెండ్రోజులు బాగానే నడిచింది, ఇప్పుడు అప్పుడప్పుడూ ఆప్టిమిస్టిక్ లాక్ ఎక్సెప్షన్ వస్తోంది. ఆరా తీస్తే తేలిందేంటంటే, మా సెక్యూరిటీ టీమ్ వాళ్ళ స్క్రిప్టు కూడా అదే ఏసీఎల్‌ని కొన్ని నిమిషాలకోసారి అప్‌డేట్ చేస్తోంది. చెడ్డ ఐపీ దొరికినప్పుడల్లా ఒక కొత్త బ్లాక్ రూల్ చేరుస్తారట.

రిట్రై_రాజు
ట్రై ఎక్సెప్ట్ పెట్టు, టోకెన్ మళ్ళీ తెచ్చుకో, ఐదుసార్లు కొట్టు. ఏదో ఒకసారి పడుతుంది. మాది అలాగే నడుస్తోంది, ఏ టెన్షనూ లేదు.

లాగ్_పిశాచి
రాజు గారు చెప్పింది అక్షరాలా అలాగే రాస్తే కొంప మునుగుతుంది. చూడండి. 11:00:01కి మీ లాంబ్డా ఏసీఎల్ చదివింది. 11:00:02కి సెక్యూరిటీ స్క్రిప్టు కొత్త బ్లాక్ రూల్ చేర్చింది, దాంతో టోకెన్ మారిపోయింది. 11:00:03కి మీరు పాత టోకెన్‌తో పంపారు, వాఫ్ తిప్పికొట్టింది. ఇంతవరకూ అంతా సవ్యం, తాళం తన పని చేసింది.

ఇప్పుడు మీరు టోకెన్ ఒక్కటే కొత్తది తెచ్చుకుని, 11:00:01 నాటి రూల్స్ లిస్టునే మళ్ళీ పంపారనుకోండి. టోకెన్ సరిపోయింది కాబట్టి వాఫ్ తీసుకుంటుంది. ఒక్క సెకను కింద వాళ్ళు పెట్టిన బ్లాక్ రూల్ గాల్లో కలిసిపోతుంది. ఎర్రర్ లేదు, అలారం లేదు. వాళ్ళ స్క్రిప్టు లాగ్‌లో సక్సెస్ అని ఉంటుంది, మీ లాగ్‌లో కూడా సక్సెస్ అనే ఉంటుంది. ఆ ఐపీ మాత్రం హాయిగా లోపలికి వస్తూ ఉంటుంది.

చదవడం, మార్చడం, పంపడం మూడూ ఒకే ఫంక్షన్‌లో ఉండాలి. రిట్రై అంటే ఆ ఫంక్షన్ మొత్తం మొదటి నుంచీ. మధ్యలో కాస్త ఆగి, ఆ ఆగడంలో కొంచెం యాదృచ్ఛికత పెట్టండి, లేకపోతే రెండు స్క్రిప్టులూ ఒకే లయలో ఢీకొంటూ ఉంటాయి.

రిట్రై_రాజు
మా కోడ్‌లో గెట్ కూడా లూప్ లోపలే ఉంది గురూ. ఫోన్‌లో టైప్ చేస్తూ క్లుప్తంగా రాశాను. కానీ మీరు చెప్పింది కరెక్టే.

లాగ్_పిశాచి
ఉంటే సంతోషం. నేను చూసిన స్క్రిప్టుల్లో సగం లూప్ బయటే పెడతాయి.

టెర్రాఫామ్_తాత
ఇంతసేపూ ఓపికపట్టి చదివాను. ఏసీఎల్‌ని టెర్రాఫామ్ అనే టూల్‌తో కోడ్‌లో రాసుకుని, రివ్యూ చేసుకుని, అప్లై కొట్టుకునే రోజుల్లో ఈ రాత్రిపూట దొంగచాటు అప్‌డేట్లు ఏంటర్రా? రేపు పొద్దున్న ఎవరో ఇంకేదో మార్పుకి టెర్రాఫామ్ అప్లై కొడతారు. మీ లాంబ్డా పెట్టిన 600, సెక్యూరిటీ వాళ్ళ బ్లాక్ రూల్స్, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. టెర్రాఫామ్ దృష్టిలో అవి ఎవరో కన్సోల్‌లో చేసిన చెత్త. ఏ వస్తువుకైనా యజమాని ఒకరే ఉండాలి.

రిట్రై_రాజు
తాతా, రాత్రి రెండింటికి దాడి మొదలైతే మెర్జ్ రిక్వెస్ట్ పెట్టి ఇద్దరు అప్రూవర్లని నిద్రలేపాలా?

టెర్రాఫామ్_తాత
లేపాలి. నన్ను లేపేవాళ్ళు కదా.

బిర్యానీ_బఫర్
అందుకే తాత రాత్రిళ్ళు ఫోరమ్‌లో ఉంటాడు.

నెల్లూరు_నెట్‌వర్క్
తాత చెప్పిన యజమాని మాట ఒప్పుకుంటా, కానీ అన్నిటికీ ఒకే మందు అంటే ఒప్పుకోను. తరచూ మారేదాన్ని ఏసీఎల్‌లోంచి బయటికి లాగేయండి. సెక్యూరిటీ టీమ్ ఐపీకో రూల్ చేర్చడం ఏంటి అసలు? ఒక ఐపీ సెట్ (అడ్రసుల జాబితా) చేసి, దాన్ని చూసే బ్లాక్ రూల్ ఒక్కటి ఏసీఎల్‌లో పెట్టి వదిలేయాలి. స్క్రిప్టు ఇకపై ఐపీ సెట్‌నే అప్‌డేట్ చేస్తుంది, ఏసీఎల్ జోలికి రాదు. ఒక సెట్‌లో 10,000 దాకా అడ్రస్ రేంజులు పడతాయి. ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి విడిగా చేసుకోవాలి. టెర్రాఫామ్‌లో సెట్ సృష్టించి, అందులోని అడ్రసుల మార్పులను మాత్రం పట్టించుకోవద్దని లైఫ్‌సైకిల్‌లో రాస్తే తాతకీ స్క్రిప్టుకీ రాజీ కుదురుతుంది.

ఒక్క హెచ్చరిక. ఐపీ సెట్ అప్‌డేట్ కూడా మొత్తం మార్చేసే బాపతే. కొత్త ఐపీ ఒక్కటే పంపితే పాతవన్నీ పోతాయి. లాక్ టోకెన్ అక్కడా ఉంటుంది, పిశాచి గారు చెప్పిన లూప్ అక్కడా అవసరమే.

టెర్రాఫామ్_తాత
ఐపీ సెట్ వరకు ఒప్పుకుంటున్నా. ఏసీఎల్ రూల్స్ మీద మాత్రం ఇగ్నోర్ ఛేంజెస్ పెట్టమంటే ఒప్పుకోను, అప్పుడిక టెర్రాఫామ్‌లో రూల్స్ రాయడమే దండగ.

పెసరట్టు404
మరి నా 600 సంగతి? అది ఐపీ సెట్‌లో పట్టదుగా. రేట్ రూల్‌ని విడిగా ఒక రూల్ గ్రూప్‌లో పెడితే?

నెల్లూరు_నెట్‌వర్క్
పెట్టొచ్చు. రేట్ రూల్స్‌ని సొంత రూల్ గ్రూప్‌లో పెట్టనిస్తారు. అప్పుడు ఆ చిన్న గ్రూప్‌నే అప్‌డేట్ చేస్తారు, ఏం పాడైనా అందులోనే పాడవుతుంది. కాకపోతే గ్రూప్ కెపాసిటీ సృష్టించేటప్పుడే చెప్పాలి, తర్వాత పెంచలేరు. చెక్ కెపాసిటీ అనే మెథడ్‌కి రూల్స్ ఇస్తే ఎంత పడుతుందో చెబుతుంది. దానికి కొంచెం పైన పెట్టుకోండి.

విశాఖ_వాఫ్
ఆలస్యంగా వచ్చాను, కానీ అసలు ప్రశ్న దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. నడుస్తున్న రేట్ రూల్‌లో సెట్టింగులు మారిస్తే దాని లెక్కలు సున్నాకి వస్తాయి. ఒక నిమిషం దాకా ఆ రూల్ ఎవరినీ ఆపకపోవచ్చు. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. రోజుకి రెండుసార్లంటే పెద్ద ప్రమాదం కాదనుకోండి. కానీ ఇలాంటి లాంబ్డా రాసినవాళ్ళు ఇక్కడితో ఆగరు. దాడి వస్తే 300, తగ్గితే 800 అని ఆటోమేటిక్‌గా తిప్పడం మొదలుపెడతారు. అంటే సరిగ్గా దాడి ముదిరినప్పుడు మీరే కాపలావాడిని కాసేపు పక్కకి పంపిస్తారు.

ఇంకోటి. 600 అనేది ఎక్కడి నుంచి వచ్చింది?

పెసరట్టు404
మా మేనేజర్ నోట్లోంచి.

బిర్యానీ_బఫర్
😂😂 ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్‌లో అలాగే రాయండి

విశాఖ_వాఫ్
అనుకున్నా. అయితే ముందు ఇంకో రేట్ రూల్ పెట్టండి. 600 లిమిట్, యాక్షన్ కౌంట్. పాత 2000 బ్లాక్ రూల్ అలాగే ఉండనివ్వండి. కౌంట్ ఎవరినీ ఆపదు, లాగ్‌లో పేరు మాత్రం రాస్తుంది. వారం చూడండి. ప్రయారిటీ అంకె వేరే ఏ రూల్‌కీ లేనిది ఇవ్వాలి, రెండు రూల్స్‌కి ఒకే ప్రయారిటీ ఉంటే అప్‌డేట్ తీసుకోదు.

మన దగ్గర ఐపీ ఒక్కదాన్ని పట్టుకుని మనుషుల్ని లెక్కపెట్టడం పెద్ద బోల్తా. మొబైల్ డేటాలో ఐపీవీ4 అయితే ఒక పబ్లిక్ అడ్రస్ వెనక ఎంతమంది ఉంటారో చెప్పలేం. కాలేజీ హాస్టల్ వైఫై, నెట్ సెంటర్, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ దగ్గరి బ్రాడ్‌బ్యాండ్, అన్నీ అంతే.

నెల్లూరు_నెట్‌వర్క్
నిజం. రిజల్ట్స్ రోజు ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని చూడండి. నలభై హాల్ టికెట్ నంబర్లు కాగితం మీద రాసుకుని వరసగా కొడుతూ ఉంటాడు. రేట్ రూల్‌కి అతను బాటే.

కొత్త_కీబోర్డ్
కుకీని కూడా కలిపి లెక్కపెట్టొచ్చు కదా? కస్టమ్ కీస్ అని ఉంది చూశాను.

విశాఖ_వాఫ్
ఉంది. ఐపీ, సెషన్ కుకీ కలిపితే హాస్టల్ పిల్లలు విడివిడిగా లెక్కలోకి వస్తారు. కానీ బాట్ ప్రతి రిక్వెస్టుకీ కొత్త కుకీ తయారుచేసుకుంటే అది ఎప్పటికీ లిమిట్‌కి చేరదు. కాబట్టి అది ఒక్కటే సరిపోదు, పైన ఐపీ మీద పెద్ద లిమిట్ కూడా ఉండాలి.

ఫ్రిస్కో_వదిన
రాత్రిపూట ఇండియా బయటి ట్రాఫిక్ మొత్తం ఆపేద్దాం అనే సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు, ముందే చెబుతున్నా వద్దు. మా అబ్బాయికి ఇండియాలో ఒక ట్యూషన్ సైటులో ఫీజు కట్టాలంటే వాళ్ళు జియో మ్యాచ్ పెట్టి భారత్ కాని దేశాలన్నీ బ్లాక్ చేశారు. సపోర్ట్‌కి రాస్తే ఇండియా వచ్చినప్పుడు కట్టండి మేడమ్ అన్నారు. ఫీజు కట్టడానికి ఫ్లైట్ టికెట్టా?

బిర్యానీ_బఫర్
బ్యాగేజీలో ఆవకాయ కలిసొస్తుంది వదినా

రిట్రై_రాజు
కౌంట్ మోడ్‌లో పెడితే ఏ రిస్కూ లేదని మాత్రం అనుకోకండి. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ (ఇలాంటి వాఫ్ నడిపే ఇంకో కంపెనీ) కూలింది గుర్తుందా? 27 నిమిషాలు. వాఫ్‌లో పెట్టిన ఒక కొత్త రెగెక్స్ (అక్షరాల నమూనాని వెతికే సూత్రం) వెనక్కీ ముందుకీ తిరుగుతూ సీపీయూ మొత్తం తినేసింది. ఆ రూల్‌ని బ్లాక్ చేయకుండా ఊరికే చూసే మోడ్‌లోనే వదిలారు. చూడటానికైనా రెగెక్స్ నడవాలి కదా.

విశాఖ_వాఫ్
మంచి ఉదాహరణే, కానీ ఇక్కడికి సగమే వర్తిస్తుంది. అక్కడ ఇంజిన్ వాళ్ళది, రెగెక్స్ వాళ్ళది, ఒకేసారి ప్రపంచమంతా వదిలారు. మనం కస్టమర్లం, మన రెగెక్స్‌కి వాఫ్ కెపాసిటీ యూనిట్ల లెక్క కట్టి ఏసీఎల్‌కి 5000 దగ్గర గీత గీసింది. 1500 దాటితే బిల్లు కూడా పెరుగుతుంది. లోడ్ బ్యాలెన్సర్‌ని కూల్చే రెగెక్స్ రాయడం కష్టం. మన యాప్‌ని మనమే బ్లాక్ చేసుకునే రెగెక్స్ రాయడం సులువు, దానికి కౌంట్ మోడ్ పనికొస్తుంది.

లాగ్_పిశాచి
సందర్భం వచ్చింది కాబట్టి, అప్‌డేట్‌కి ముందు ఉన్న ఏసీఎల్‌ని ఎస్3లో (ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్) పడేస్తున్నారా ఎవరైనా?

కొత్త_కీబోర్డ్
నేను ప్రయత్నించా, జేసన్‌గా రాయబోతే బైట్స్ సీరియలైజ్ కావంటోంది.

లాగ్_పిశాచి
బైట్ మ్యాచ్ రూల్స్‌లో సెర్చ్ స్ట్రింగ్ బైట్స్‌గా వస్తుంది, అందుకే. దాచేటప్పుడు బేస్64 చేసి (బైట్స్‌ని మామూలు అక్షరాలుగా మార్చి), తిరిగి పెట్టేటప్పుడు విప్పి బైట్స్‌గానే ఇవ్వాలి. బోటో3 నెట్‌వర్క్‌లోకి పంపేటప్పుడు బేస్64 తనే చేస్తుంది. మీరు విప్పకుండా ఇస్తే రెండు పొరలు పడతాయి. అప్పుడు లాగిన్ పాత్ కోసం వెతకాల్సిన రూల్, ఎవడూ ఎప్పటికీ పంపని ఒక పిచ్చి అక్షరాల వరస కోసం వెతుకుతూ కూర్చుంటుంది. చూడ్డానికి రూల్ ఉంటుంది, దేన్నీ పట్టదు. కమాండ్ లైన్ టూల్‌లో బేస్64గానే కనిపిస్తుంది, అక్కడి జేసన్‌ని పైథాన్‌లోకి కాపీ కొట్టేవాళ్ళకి ఇదే గతి.

బ్యాకప్ లేకపోతే చివరి ఆశ క్లౌడ్‌ట్రెయిల్ (ఏడబ్ల్యూఎస్‌లో ఎవరేం చేశారో రాసే లాగ్). ఈవెంట్ హిస్టరీలో 90 రోజులు ఉంటుంది. పాత అప్‌డేట్ ఈవెంట్ తెరిస్తే ఎవరు, ఎప్పుడు, ఏ రూల్స్ పంపారో రిక్వెస్ట్ పారామీటర్లలో దొరుకుతుంది. రూల్స్ మాయమైతే ముందు అక్కడికి పరిగెత్తండి.

పైథాన్_పంతులు
ఇంకో మాయ గురించి కూడా చెప్పాలి. లాంబ్డాతో వచ్చే బోటో3 మీద ఆధారపడకండి, మీ వెర్షన్ మీరే ప్యాక్ చేసి పెట్టుకోండి. వాఫ్‌కి కొత్త కొత్త సెట్టింగులు వస్తూ ఉంటాయి. ఎవరో కన్సోల్‌లో అలాంటిది ఒకటి ఆన్ చేస్తారు. మీ పాత బోటో3కి ఆ పేరే తెలియదు కాబట్టి గెట్ జవాబులో అది మీకు చూపించదు. చూపించనిదాన్ని మీరు తిరిగి పంపలేరు. అప్‌డేట్‌తో ఆ సెట్టింగ్ ఎగిరిపోతుంది. కోడ్ లైను లైనుగా చదివినా తప్పు కనపడదు.

టెర్రాఫామ్_తాత
పాత టెర్రాఫామ్ ప్రొవైడర్‌తోనూ ఇలాంటి తలనొప్పులు ఉన్నాయి, న్యాయంగా చెప్పాలంటే.

బిర్యానీ_బఫర్
తాత ఒప్పుకున్నాడు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టండ్రా.

విశాఖ_వాఫ్
షీల్డ్ అడ్వాన్స్‌డ్ (దాడుల నుంచి కాపాడే ఏడబ్ల్యూఎస్ పెయిడ్ సేవ) ఉన్నవాళ్ళకి ఒక ముక్క. ఆటోమేటిక్ మిటిగేషన్ ఆన్ చేస్తే మీ ఏసీఎల్‌లో షీల్డ్ తనే ఒక రూల్ పెడుతుంది, ప్రయారిటీ 1,00,00,000. స్క్రిప్టులో తెలియని రూల్స్ శుభ్రం చేద్దాం అనే తెలివి ఉంటే దాన్ని కూడా పీకేస్తారు. నెలకి 3000 డాలర్లు కట్టి, కాపలావాడిని మన చేత్తోనే బయటికి గెంటినట్టవుతుంది.

పెసరట్టు404
కౌంట్ ఫలితాలు వచ్చాయి. నేను ఊహించినది ఒకటి, జరిగింది ఇంకోటి.

రాత్రి 600 దాటిన ఐపీల్లో ఎక్కువ భాగం మా సొంత విద్యార్థులు. లాగ్‌లో రిక్వెస్టుల పాత్‌లు చూస్తే దాదాపు అన్నీ ఆన్సర్ ఆటోసేవ్‌వే. మాక్ టెస్ట్ పేజీ ప్రతి కొన్ని సెకన్లకీ జవాబు సేవ్ చేస్తుంది. హాస్టల్లో పాతికమంది అర్ధరాత్రి కూర్చుని టెస్ట్ రాస్తే ఒక్క ఐపీ నుంచి 600 ఎప్పుడో దాటిపోతుంది. ఎగ్జామ్ దగ్గరపడేకొద్దీ రాత్రి ట్రాఫిక్ ఇంకా పెరుగుతుంది.

ఇక బాట్లు? అవి చాలా ఐపీలకి విడిపోయి, ఒక్కోటీ 600కి చాలా కింద నింపాదిగా ప్రశ్నపత్రాల పాత్‌ని మాత్రమే లాగుతున్నాయి. అంటే మా లాంబ్డా ప్రొడక్షన్‌కి వెళ్ళి ఉంటే పిల్లల్ని బయటికి గెంటి బాట్లకి దారి ఇచ్చేది.

నెల్లూరు_నెట్‌వర్క్
అర్ధరాత్రి టెస్ట్ మధ్యలో 403 (అనుమతి లేదనే ఎర్రర్) చూసిన పిల్లాడు మీ మేనేజర్‌కి ఫోన్ చేసి ఉండేవాడు, అది వినాల్సింది.

విశాఖ_వాఫ్
అయితే షెడ్యూల్ అక్కర్లేదు. రేట్ రూల్‌కి స్కోప్ డౌన్ స్టేట్‌మెంట్ పెట్టి ప్రశ్నపత్రాల పాత్‌ని మాత్రమే లెక్కించమనండి. ఆటోసేవ్ ఆ లెక్కలోకే రాదు. మామూలు విద్యార్థి 5 నిమిషాల్లో ఎన్ని పేపర్లు తెరుస్తాడు? హాస్టల్ మొత్తం కలిపినా తక్కువే. లిమిట్ చాలా కిందికి దించొచ్చు. ఒకప్పుడు కనీసం 100 ఉండాలనేవారు, ఇప్పుడు 10 దాకా ఇస్తున్నారు. విండో కూడా 1, 2, 5, 10 నిమిషాల్లో ఏదైనా పెట్టుకోవచ్చు. ఖచ్చితంగా ఆ అంకె దగ్గరే ఆపుతుందని మాత్రం లెక్కేసుకోకండి, కాస్త అటూ ఇటూ పోతుంది.

ఐపీలు మార్చే బాట్లకి టీఎల్‌ఎస్ వేలిముద్రని (సురక్షిత కనెక్షన్ మొదలుపెట్టే తీరును బట్టి బ్రౌజర్‌కి వచ్చే గుర్తు) కీగా పెట్టి చూడండి. అది కూడా ముందు కౌంట్‌లోనే. ఒకే క్రోమ్ వెర్షన్ వాడే పిల్లలందరిదీ ఒకే వేలిముద్రగా కనిపించే అవకాశం ఉంది.

పెసరట్టు404
పేపర్ల పాత్ మీద 100 పెట్టాం, రాత్రీ పగలూ ఒకటే. టెర్రాఫామ్‌లోనే రాశాం, తాత శాంతించుగాక. లాంబ్డా రద్దు. టీఎల్‌ఎస్ రూల్ ఇంకా కౌంట్‌లో ఉంది, దాని మీద ఇప్పుడే ఏం చెప్పలేను. సెక్యూరిటీ టీమ్ ఐపీ సెట్‌కి మారడానికి ఒప్పుకున్నారు, కానీ వాళ్ళ స్క్రిప్టుకి ఇప్పుడు యాక్సెస్ డినైడ్ వస్తోంది. వెబ్ ఏసీఎల్ అప్‌డేట్ అనుమతి ఉంది కదా అంటున్నారు.

లాగ్_పిశాచి
ఐపీ సెట్‌కి వేరే అనుమతి కావాలి. గెట్ ఐపీ సెట్, అప్‌డేట్ ఐపీ సెట్, రిసోర్స్ దగ్గర ఆ సెట్ ఏఆర్‌ఎన్ ఒక్కటే. పనిలో పనిగా వెబ్ ఏసీఎల్ అప్‌డేట్ అనుమతి వాళ్ళ రోల్ నుంచి తీసేయండి.

పెసరట్టు404
తీసేస్తే గొడవ చేస్తారేమో.

టెర్రాఫామ్_తాత
ఆ రోల్ కూడా నా టెర్రాఫామ్ లాంటిదానిలోనే ఉంటుంది కదా. మెర్జ్ రిక్వెస్ట్ పెట్టు, గొడవేదో కామెంట్లలో చేసుకుంటారు.